కీర్తిశేషుల వారి ఫోన్

ఆ రోజు మా మేనేజర్ గారు ట్రైన్ ఉందని నాలుగింటికే ఆఫీసు నుంచి వెళ్ళిపోయారు. ఐదింటికి విదేశీ క్లయింట్ నుంచి మెయిల్: ఆయనతో అర్జెంటుగా మాట్లాడాలి, ఉన్నారా?

"లెఫ్ట్ ఫర్ ద డే" అని రాస్తే సరిపోయేది. కానీ లీవ్, గో... ఇవన్నీ చిన్నపిల్లల మాటలని నాకో చిన్నచూపు. ఎయిర్‌పోర్ట్ బోర్డు మీద కనిపించే మాటైతే కాస్త బరువుగా ఉంటుంది కదా! రెండుసార్లు చదువుకుని మరీ పంపాను: "అవర్ డిపార్టెడ్ మేనేజర్ విల్ కాల్ యూ టుమారో మార్నింగ్."

రైలు బయల్దేరితే డిపార్ట్ అంటారు, నిజమే. అదే మాటని డిపార్టెడ్ చేసి మనిషికి ముందు తగిలిస్తే మాత్రం ఆయన పోయినట్టే. అంటే నేను రాసింది ఇదన్నమాట: కీర్తిశేషులైన మా మేనేజర్ గారు రేపు పొద్దున మీకు ఫోన్ చేస్తారు.

పది నిమిషాల్లో ప్రగాఢ సానుభూతి వచ్చేసింది. చివర్లో ఓ ముక్క, మహా మర్యాదగా: "ఫోన్ చేయకపోయినా ఫర్వాలేదు."

టెన్షన్‌లో వెంటనే సవరణ కొట్టాను: "నో నో, హీ హాజ్ ఓన్లీ లెఫ్ట్ అస్."

పక్క సీటు మేడం తొంగి చూసి తల పట్టుకుంది. "పోయారని రాసి, కాదు కాదు మమ్మల్ని విడిచి వెళ్ళిపోయారంతే అంటావేంటయ్యా?"

ఇక లాభం లేదని సిస్టమ్ కట్టేసి నేనూ బయటపడ్డాను. దానికి ఏ క్రియ వాడాలో అడక్కండి.

రాత్రి డిక్షనరీ తీశాను, అదేదో సాయంత్రమే తీసి ఉంటే బాగుండేది. ఈ డిపార్ట్‌కి ఒకప్పుడు విడదీయడం అనే అర్థం కూడా ఉండేదట. 1549 నాటి ఇంగ్లండ్ చర్చి పెళ్ళి ప్రమాణంలో "చావు మనల్ని విడదీసే దాకా" అనడానికి ఇదే మాట వాడారు. తర్వాత ఆ అర్థం వాడుకలోంచి జారిపోవడంతో 1662లో దాన్ని "డూ పార్ట్" అని మార్చుకున్నారు. వాళ్ళంతటి వాళ్ళకే సవరణ పంపడానికి నూట పదమూడేళ్ళు పట్టింది. నేను రెండు నిమిషాల్లో పంపాను, అదే పొరపాటు.

మర్నాడు పొద్దున, ఇదేమీ తెలియని మేనేజర్ గారు చెప్పిన టైముకి ట్రైన్లోంచే క్లయింట్‌కి ఫోన్ చేశారు. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత సన్నటి గొంతుతో ఒకే ప్రశ్న: "మీరిప్పుడు ఎక్కడున్నారు?"

ఆయన అన్నారట: "చాలా దూరం వచ్చేశానండీ. ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు."