సోమలింగం చేతిలో ఎర్ర బెలూన్

మా ఊరి భవిష్యత్తుని నేను కళ్లారా చూశాను. పోయిన గురువారం సాయంత్రం పారిష్ హాల్లో, చుట్టిపెట్టిన బ్యాడ్మింటన్ నెట్ పక్కన, స్టాండ్ మీద నిలబెట్టారు దాన్ని. ఇంత పెద్ద అట్ట మీద వాటర్ కలర్ బొమ్మ. కింద ‘2040లో మన మార్కెట్ స్క్వేర్’ అని రాసి ఉంది. ఎండ కాస్తోంది. చెట్లు నీడనిస్తున్నాయి. ఒకావిడ ఆరుబయట బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగుతోంది. ఒకాయన సైకిల్ తోసుకుంటూ పోతున్నాడు. ఒక కుక్క ఉంది. అందరి మధ్యలోంచి ఎర్ర బెలూన్ పట్టుకుని ఒక పిల్లాడు పరిగెడుతున్నాడు.

ఆ పిల్లాణ్ని చూడగానే నాకు తిక్క రేగింది.

వాడు మీకూ తెలుసు. భూమ్మీద ఎక్కడ ఏ ఊరి మాస్టర్ ప్లాన్ గీసినా అందులో వాడు ఉండి తీరతాడు. బెలూన్ ఎప్పుడూ ఎర్రదే. తల్లిదండ్రులు కనపడరు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దవాళ్లు ముందే చెప్పి పెట్టారు కాబట్టి వాడికి పేరు కోసం నేను వెతుక్కోలేదు.

ఊరి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఐర్లండ్‌లో పడమటి వైపు, జనాభా రెండున్నర వేలు. ఇక్కడ 1,500 దాటితే గణాంకాల శాఖ వారు పట్టణం కిందే లెక్క కడతారు కాబట్టి మాది పట్టణమే, నవ్వకండి. వెడల్పాటి మెయిన్ వీధి, మధ్యలో స్క్వేర్, నాలుగు పబ్బులు, రెండు మందుల షాపులు, మూడు టర్కిష్ బార్బర్ షాపులు. రెండున్నర వేల మందికి మూడు బార్బర్ షాపులు ఎలా నడుస్తున్నాయో ఏ ప్లాన్‌లోనూ రాయరు. ఊరి చివర మార్ట్ ఉంది, అంటే పశువుల సంత. వారానికి ఒకరోజు, మంగళవారం, ఊరు బతికున్నట్టు కనిపిస్తుంది. పడమటి ఐర్లండ్‌లో కొన్ని చోట్ల ఏడాదికి 225 రోజుల దాకా వాన పడుతుంది. బొమ్మలో ఒక్క గొడుగు లేదు.

సభ నడిపింది డబ్లిన్ నుంచి వచ్చిన కన్సల్టెంట్లు. ముగ్గురు, మెడల్లో కార్డులు. మొదటి స్లైడ్ మీద ‘విజన్’ అని పడింది. తెలుగువాణ్ని కాబట్టి ఆ మాటకి నాకు 1999లోనే టీకా పడింది. పక్కవాళ్లకి పడలేదు పాపం, శ్రద్ధగా విన్నారు. తర్వాత మనిషికి మూడు రంగు చుక్కలు పంచారు, వెనక జిగురున్నవి. నచ్చిన చోట పచ్చది, నచ్చని చోట ఎర్రది అంటించాలట. దీన్నే పబ్లిక్ కన్సల్టేషన్ అంటారు. మా చిన్నమ్మాయి కిండర్‌గార్టెన్‌లో ఇదే పని చేసేది. అక్కడ చివర్లో బిస్కెట్ కూడా ఇచ్చేవాళ్లు. నిజం చెప్పాలంటే ఇక్కడా ఇచ్చారు.

మూడో వరసలో ఒక పెద్దాయన లేచాడు. పశువుల మనిషి, కాళ్లకి బురద బూట్లు, చేతిలో టోపీ.

“ఈ చెట్లున్న చోట ఇప్పుడు నేను ట్రైలర్ పెడతాను. మార్ట్ రోజున ఎక్కడ పెట్టుకోవాలి?”

“చాలా మంచి ప్రశ్న,” అంది కన్సల్టెంట్ అమ్మాయి. పసుపు కాగితం ముక్క మీద ‘మొబిలిటీ’ అని రాసి గోడకి అంటించింది.

“పన్నెండడుగుల ట్రైలరమ్మా. ముందు ట్రాక్టర్ ఉంటుంది.”

ఆవిడ ఇంకో ముక్క మీద ‘వ్యవసాయ వారసత్వం’ అని రాసింది.

“వారసత్వం కాదు, మంగళవారం,” అన్నాడాయన.

ఆ జాగాని ‘ఫ్లెక్సిబుల్ సివిక్ స్పేస్’ చేస్తున్నామనీ, అక్కడ జనం ఆగి, కాసేపు గడిపి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చనీ ఆవిడ ఓపిగ్గా వివరించింది. ట్రైలర్లు పెట్టుకుని వాళ్లు నలభై ఏళ్లుగా అక్కడ చేస్తున్నది అదేనని ఆయన అన్నాడు. ఆడవాళ్లకి ఒక టాయిలెట్ కట్టించండి, మిగతాది మేం చూసుకుంటాం అని వెనక నుంచి ఎవరో అరిచారు. గోడ మీద ‘సౌకర్యం’ అని మరో ముక్క చేరింది. పెద్దాయన ఇంకా కూర్చోలేదు. చేతిలో మూడు చుక్కల్నీ తిప్పి తిప్పి చూసి అడిగాడు.

“మనిషికి మూడేనా?”

“అవునండీ, అందరికీ సమానం.”

“మరి నా ఆవులకి?”

హాలు హాలంతా ఘొల్లుమంది. ఆవిడ కూడా నవ్వింది, మంచి పిల్లే. అయినా ఏదో రాసుకుంది. ఏం రాసుకుందోనని నేను మెడ సాచి చూశాను: ‘జీవవైవిధ్యం’.

నవ్వులు తగ్గాక నేను లేచాను. నా ప్రశ్న చిన్నది. సోమలింగానికి ఒంటేలు వస్తే ఎలా?

అంటే, అంత మాట అనలేదు. మర్యాదగా మురుగు శుద్ధి కేంద్రం గురించి అడిగాను. దేశంలో నీళ్లూ మురుగూ చూసే సంస్థ ఏ ఊరి కేంద్రంలో ఎంత ఖాళీ ఉందో జాబితా వేస్తుంది. ఖాళీ ఉంటే పచ్చ, అనుమానమైతే కాషాయం, లేకపోతే ఎరుపు. వాళ్లకీ చుక్కలే! మా ఊరి పక్కన ఎర్ర చుక్క ఉంది. కొత్తగా వచ్చే ఇళ్ల మురుగు పట్టే చోటు లేదని అర్థం. కేంద్రం పెంచితే తప్ప కొత్త కనెక్షన్ కష్టం, కనెక్షన్ లేకపోతే ఇల్లు లేదు, ఇల్లు లేకపోతే బొమ్మలో ఆ కాఫీ ఆవిడ ఎక్కణ్నుంచి వచ్చింది? సైకిల్ ఆయన ఎక్కడ పడుకుంటాడు? కుక్క సంగతి వదిలేయండి, దానికి పర్మిషన్ అక్కర్లేదు.

“అది ఈ ప్లాన్ పరిధిలోకి రాదండీ,” అన్నారు.

ఆ స్క్వేర్ గీసింది 18వ శతాబ్దపు జమీందారు. మంచివాడని కాదు, కౌలు పిండుకోవడానికే గీశాడు. కానీ సంత రోజున వీధిలో పశువులు నిలబడాలని తెలుసు కాబట్టి వీధిని వెడల్పుగా వేశాడు. 1950ల్లో సహకార మార్టులు మొదలై పశువులు వీధుల్లోంచి వెళ్లిపోయే దాకా అది ఆ పనికే పనికొచ్చింది. వాడు ఎవరికీ చుక్కలు పంచలేదు.

తర్వాత వచ్చినవన్నీ ప్రకటనలే. 2003 డిసెంబర్ బడ్జెట్‌లో 10,300 మంది ప్రభుత్వోద్యోగుల్ని డబ్లిన్ నుంచి 53 చోట్లకి పంపిస్తామన్నారు. దాదాపు మూడో వంతు కదిలారేమో, 2011లో ఆ పథకానికి దండేశారు. 2018లో ‘ప్రాజెక్ట్ ఐర్లండ్ 2040’ అని దేశం మొత్తానికీ ఒక ప్లాన్ వచ్చింది. 2022లో ‘టౌన్ సెంటర్ ఫస్ట్’ అని, 26 ఊళ్లని ఎంచి తలా లక్ష యూరోలు ఇచ్చారు. దేనికి? ప్లాన్ రాయించుకోడానికి. 2024 ప్లానింగ్ చట్టం వచ్చి ‘లోకల్ ఏరియా ప్లాన్’ అన్న పేరే తీసేసి వేరే పేర్ల ప్లాన్లు పెట్టింది. ప్లాన్లు చదివి జనం బతకగలిగితే మా వీధిలో ఈపాటికి మెట్రో తిరిగేది.

బైపాస్ గురించి రాయను. అది రాకముందు వస్తే చస్తామన్నారు, వచ్చాక చచ్చామంటున్నారు, అంతే.

పోనీ అడుగుదామంటే ఎవర్ని అడగాలి? 2014లో దేశంలో ఉన్న 80 టౌన్ కౌన్సిళ్లనీ ఒకే దెబ్బతో రద్దు చేశారు. అందులో మాదీ పోయింది. పెద్ద గొప్పదేం కాదు, తొమ్మిది మంది, వాళ్లలో వాళ్లకే పడేది కాదు. కానీ వీధిలో లైటు వెలగకపోతే మాంసం కొట్టు దగ్గర నిలబెట్టి తిట్టడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఊరి పేరుతో ఎన్నికైన వాడు ఒక్కడూ లేడు. జిల్లా కేంద్రం నలభై కిలోమీటర్లు. అక్కడ మా ఊరు ఫైల్లో ఒక పేజీ.

ఆ రాత్రి హాల్లోంచి ఇంటికి నడుస్తూ మెయిన్ వీధిలో తలెత్తి చూశాను. కొట్ల పైఅంతస్తుల కిటికీలు లెక్కపెట్టాను. నలభై ఒకటి. వెలుగుతున్నవి ఆరు. గట్టర్లలో గడ్డి మొలిచింది, ఒక చిమ్నీలోంచి ఏకంగా చెట్టే వచ్చింది. ఇక్కడ నాకు నవ్వు రావట్లేదు. 2022 జనగణనలో దేశంలో 1,66,752 ఇళ్లు ఖాళీ అని తేలింది. మా ఆవిడతో పాటు వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ చేసే అమ్మాయి అద్దెకి గది దొరక్క రోజూ గంట కారు తోలుకుని వస్తుంది, ఈ ఖాళీ కిటికీల కింద నుంచే. 1990 నుంచీ పాడుబడ్డ కట్టడాల చట్టం ఉంది. మార్కెట్ ధరలో ఏటా 7 శాతం పన్ను వేయొచ్చు. వేస్తే కదా! వేసినా వసూలు చేస్తే కదా! ఖాళీ ఇల్లు బాగుచేసుకునేవాళ్లకి 50,000 యూరోలు, పాడుబడ్డదైతే 70,000 దాకా గ్రాంటు ఇస్తారు, మంచిదే. కానీ యజమాని అమ్మడు, అద్దెకివ్వడు, ధర పెరుగుతుందని కూర్చుంటాడు. వాడిని అడిగే దమ్ము ఎవరికీ లేదు, ఎందుకంటే ఆదివారం చర్చిలో పక్క బెంచీ వాడే. సిగ్గు లేకపోతే సరి! అందుకే వాడి జోలికి పోకుండా బెలూన్ గీశారు. అసలు సోమలింగం పెరిగి పెద్దయి, ప్లంబింగ్ నేర్చుకుని, మా వీధిలో ఉండటానికి గది దొరక్క ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్లిపోయాడు. వాళ్లమ్మ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది, అక్కడ తెల్లారాలి కదా మరి.

బొమ్మల మీద నమ్మకం ఈ ద్వీపంలో కొత్త కాదు లెండి. 2013లో జీ8 నాయకులు లాక్ ఎర్న్ దగ్గర కలుసుకున్నప్పుడు, సరిహద్దు అవతల, ఉత్తర ఐర్లండ్‌లో, ఫర్మానా కౌంటీలోని బెల్కూ అనే ఊళ్లో మూతపడ్డ మాంసం కొట్టు అద్దాలకి, లోపల సరుకు నిండుగా ఉన్నట్టు బొమ్మలు అంటించారు. కార్లో పోయేవాళ్లకి పచ్చగా కనపడాలని. ఆ లెక్కన మావాళ్లు నిజాయితీపరులు. బొమ్మని బొమ్మ అనే చెప్పారు.

మంగళవారం పొద్దున చూస్తే ఆ అట్టని తెచ్చి స్క్వేర్‌లో బ్యాంకు కిటికీలో పెట్టారు. బ్యాంకు అంటే ఒకప్పటి బ్యాంకు. ఊళ్లో అందరికీ కనపడే ఖాళీ అద్దం అదొక్కటే. వాన పడుతోంది. పెద్దాయన ట్రైలర్ సరిగ్గా ఫ్లెక్సిబుల్ సివిక్ స్పేస్ మధ్యలో ఆపి, దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ట్రైలర్ సందులోంచి ఒక దూడ మూతి బయటపెట్టి వాన నాకుతోంది. ఇద్దరం కాసేపు బొమ్మ చూశాం. ఆయన వేలితో బెలూన్ పిల్లాణ్ని చూపించాడు.

“ఎవరి పిల్లాడు?”

ఇక్కడా మన ఊళ్లలాగే ముందు అదే అడుగుతారు. సోమలింగం అని చెప్పబోయి ఊరుకున్నాను.

“తెలీదు,” అన్నాను.

ఆయన అద్దానికి దగ్గరగా వంగి మళ్లీ చూశాడు.

“మనవాడు కాదు,” అన్నాడు. “కోటు వేసుకోలేదు.”