తొడుక్కోగలిగితే బహుమతి లేదు

ఎండలు ముదిరేసరికి ఆవకాయ జాడీలతో పాటు ఫ్యాషన్ కళాశాలల పట్టా ప్రదర్శనలు కూడా సిద్ధమవుతాయి. చివరి సంవత్సరం విద్యార్థులు నెలల తరబడి నిద్ర మాని తయారు చేసిన దుస్తులను ర్యాంపు మీదికి పంపుతారు. ముందు వరసలో న్యాయనిర్ణేతలు గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చుంటారు. మర్నాడు పత్రికలో రంగుల ఫొటో వస్తుంది. తల చుట్టూ తీగల పంజరం, మోచేతి దగ్గర మొదలై ఎక్కడా ముగియని చేతులు, నడుముకు తాళ్లతో కట్టిన నాలుగు పాత గొడుగులు. కింద ఒకే వాక్యం: ఉత్తమ కలెక్షన్‌గా ఎంపికైంది. కాఫీ తాగుతూ ఆ ఫొటో చూసిన పెద్దమనిషి (ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు) కళ్లజోడు సవరించుకుని, "ఇది వేసుకుని ఎక్కడికి వెళ్తారట?" అని అడుగుతారు.

ఆయనకు సమాధానం చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను. ఎక్కడికీ వెళ్లరు. అదే దాని గొప్పతనం. బస్సెక్కడానికి, ఆఫీసుకు పోవడానికి, పెళ్లి పంక్తిలో కూర్చోవడానికి పనికొచ్చే బట్టలు విజయవాడ వస్త్రలతలోనూ సికిందరాబాద్ జనరల్ బజారులోనూ కావలసినన్ని ఉన్నాయి. వాటికి ఎవరూ బహుమతులు ఇవ్వరు, డబ్బులు ఇస్తారు. డబ్బులు రాని పనికి సమాజం చెల్లించే పరిహారమే బహుమతి. ఈ సంగతి గ్రహిస్తే పెద్దమనిషి కాఫీ చల్లారకముందే తాగగలుగుతారు.

బహుమతి పొందే కలెక్షన్‌లో ముందుగా తయారయ్యేది బట్ట కాదు, కాగితం. దాన్ని కాన్సెప్ట్ నోట్ అంటారు. అందులో 'జ్ఞాపకం' తప్పనిసరి. 'అస్తిత్వం' ఉంటే మంచిది. 'మహానగరంలో ఒంటరితనం' ఉంటే న్యాయనిర్ణేతల్లో కనీసం ఒకరు తల పంకిస్తారు. రాసిన విద్యార్థికి ఇరవై రెండేళ్లు. హాస్టల్ గదిలో మరో ముగ్గురితో కలిసి ఉంటాడు కాబట్టి ఒంటరిగా ఉండే అవకాశం ఇంతవరకూ దొరకలేదు. అయినా ఆర్గంజా అనే బూడిద రంగు పల్చటి బట్ట మీద ఆ ఒంటరితనాన్ని నాలుగు పొరలుగా పరచగలిగాడంటే అది ప్రతిభ కాక మరేమిటి? ఆర్గంజా మీటరు ధర తెలిశాక ఇంట్లో ఆ ఒంటరితనాన్ని మొదట అనుభవించేది వాళ్ల నాన్నగారనుకోండి, అది వేరే సంగతి.

బాధకూ బట్టకూ ఒక లెక్క ఉంది. సొంత దుఃఖానికి మూడు మీటర్లు చాలు. సమాజం గురించి దుఃఖిస్తే ఏడు మీటర్లు పడుతుంది. వాతావరణ మార్పును ఎత్తుకుంటే బట్టల తాను మొత్తం విప్పాల్సిందే. దుఃఖం పెరిగేకొద్దీ భుజాలు వెడల్పవుతాయి. మోడల్ తలుపులోంచి పక్కకు తిరిగి రావలసి వస్తే ఆ ఇతివృత్తం అంతర్జాతీయ స్థాయికి చేరిందని అర్థం. ఇక జేబులు. జేబులు ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు. జేబుంటే ఎవరో ఒకరు అందులో చేయి పెట్టి, ఇది చొక్కాయేనని కనిపెట్టే ప్రమాదం ఉంది.

ఇదంతా నిన్న మొన్న పుట్టిన వేలంవెర్రి అనుకునేవారికి కాస్త చరిత్ర చెప్పాలి. లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ కళాశాలలో 1984లో జాన్ గలియానో అనే విద్యార్థి ఫ్రెంచి విప్లవ కాలపు వేషాలతో పట్టా ప్రదర్శన ఇచ్చాడు. బ్రౌన్స్ అనే ఫ్యాషన్ దుకాణం యజమానురాలు జోన్ బర్స్టీన్ ఆ కలెక్షన్ మొత్తం కొని అద్దాల కిటికీలో పెట్టింది. 1992లో అదే కళాశాలలో అలెగ్జాండర్ మెక్వీన్ ఎం.ఏ. ప్రదర్శనకు ఎంచుకున్న ఇతివృత్తం, లండన్ వీధుల్లో ఆడవాళ్లను చంపిన జాక్ ద రిప్పర్. ఇసబెల్లా బ్లో అనే ఫ్యాషన్ పత్రికల స్టైలిస్టు దాన్నంతా 5,000 పౌండ్లకు కొని, వారానికి 100 పౌండ్ల చొప్పున తీర్చింది. (మన వీధుల్లో మూట నెత్తిన పెట్టుకుని వచ్చే చీరలాయన ఇదే పద్ధతిలో మూడు తరాల ఆడవాళ్లకు చీరలిచ్చి పోయాడు. పద్దు పుస్తకం తప్ప చరిత్ర మిగల్లేదు.) 1993లో హుస్సేన్ చలాయన్ అనే మరో విద్యార్థి తన పట్టు దుస్తులను ఇనుప రజనుతో కలిపి పెరట్లో పాతిపెట్టి, తుప్పు పట్టాక తవ్వి తీసి ర్యాంపెక్కించాడు. అవీ బ్రౌన్స్ వారి దుకాణానికే చేరాయి.

ఈ కథల నుంచి మన కళాశాలలు ఏమీ నేర్చుకోలేదని ఎవరూ అనలేరు. హత్య నేర్చుకున్నాయి, తుప్పు నేర్చుకున్నాయి, పెరడు నేర్చుకున్నాయి. మెక్వీన్ పదహారేళ్లకే కోట్లకు పేరుపడ్డ లండన్ వీధి సావిల్ రోలోని దర్జీల దగ్గర చేరి కోటు కత్తిరించడం నేర్చుకున్నాడన్న చిన్న వివరం మాత్రం సిలబస్‌లో చోటు చాలక జారిపోయింది. కోటును అంత దారుణంగా చీల్చాలంటే ముందు ఒంటి మీద నిలిచే కోటు కుట్టడం వచ్చి ఉండాలని చెబితే పిల్లలు నిరుత్సాహపడతారు కదా.

తుప్పు విషయంలో మాత్రం మనవాళ్ల తెలివితక్కువతనం గురించి చెప్పక తప్పదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవారు తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెడతారు. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ నీళ్లతో గీస్తే నల్లని గీత పడుతుంది. తరతరాలుగా ఇనుమును కుళ్లబెడుతూ కూడా అది కాన్సెప్ట్ అని వాళ్లకు తట్టలేదు, రంగు అనుకున్నారు. పైగా పని పూర్తయ్యాక ఆ బట్ట మీద తుప్పు కనబడదు, శ్రీరామ పట్టాభిషేకం కనబడుతుంది. ఇంత కష్టపడి ఇలా పాడు చేసుకుంటే న్యాయనిర్ణేతలు మాత్రం ఏం చేయగలరు?

ఇప్పుడు కుట్టు సంగతికి వద్దాం. 1954లో అంతర్జాతీయ ఊలు సంస్థ పారిస్‌లో పోటీ పెట్టింది. తర్వాత పేరుమోసిన డిజైనర్లయిన ఇద్దరికి, పద్దెనిమిదేళ్ల ఈవ్ సాన్ లారాన్‌కు గౌనుకూ, ఇరవై ఒక్కేళ్ల కార్ల్ లాగర్‌ఫెల్డ్‌కు కోటుకూ బహుమతులు వచ్చాయి. వాళ్లు పోటీకి పంపినవి బొమ్మలు. సాన్ లారాన్ బొమ్మను గౌనుగా మార్చింది జివాంషీ ఫ్యాషన్ సంస్థ పనివాళ్లు. బొమ్మ ఒకరిది, సూది మరొకరిది, బహుమతి బొమ్మది. ఈ పవిత్ర సంప్రదాయాన్ని మన కళాశాలల వెనుక సందుల్లో దర్జీ మాస్టర్లు నేటికీ కాపాడుతూ వస్తున్నారు. ప్రదర్శన దగ్గర పడుతుంటే ఆ సందుల్లో రాత్రి రెండు గంటలకు కూడా కుట్టు మిషన్ల చప్పుడు వినబడుతుంది. అక్కడ జరిగే విద్యాబోధన ఈ తీరుగా ఉంటుంది:

"మాస్టర్ గారూ, ఈ చేయి వీపు మధ్యలోంచి రావాలి."

"మనిషికి అక్కడ చేయి ఉండదమ్మా."

"అదే కదండీ కాన్సెప్ట్."

"సరేనమ్మా. మరి లోపల బుకరం వేయమంటావా, వేలాడనివ్వమంటావా?"

బట్టను బిగువుగా నిలబెట్టే బుకరం గురించి ఆ ఆఖరి ప్రశ్న అడిగేవాడు లేకపోతే ఆ చేయి ర్యాంపు మీద నిలబడదు. అస్తిత్వం నిలబడదు. మహానగరంలోని ఒంటరితనం మొత్తం మోడల్ కాళ్ల మధ్య చిక్కుకుని, ఆమె ముందుకు పడుతుంది. అయినా ప్రదర్శన పుస్తకంలో కృతజ్ఞతల పేజీ తిరగేయండి. అమ్మానాన్నలు, అధ్యాపకులు, మేకప్ చేసినవారు, నడక నేర్పినవారు, చెప్పులు ఇచ్చిన దుకాణం, మంచినీళ్ల సీసాలిచ్చిన కంపెనీ, అందరూ ఉంటారు. మగ్గం వర్క్ ఫ్రేమ్ ముందు నడుం వంచి కూర్చుని పూసలు కుట్టిన నలుగురు కుర్రాళ్లు ఉండరు. మాస్టరు ఉండడు. ఆయన పేరు ఫోనులో మాత్రం ఉంటుంది. ప్రదర్శనకు గంట ముందు అంచు ఊడితే మొదట మోగేది ఆయన ఫోనే. పంటి కింద గుండుసూదులు పట్టుకుని తెర వెనుక నిలబడేది ఆయనే.

చేనేత విభాగం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, అక్కడ బహుమతి దాదాపు ఖాయం కాబట్టి. పోచంపల్లికో, పుట్టపాకకో వెళ్లాలి. కొద్ది రోజులుండి, మగ్గం పక్కన ఫొటో దిగి, తిరిగి వచ్చి, 'అంతరించిపోతున్న కళకు ఊపిరి పోశాను' అని రాయాలి. అప్పటిదాకా తాను ఊపిరి పీలుస్తున్నాననే అనుకుంటున్న నేతన్నకు ఆ వార్త ఎవరు చేరవేస్తారో మరి. పడుగునూ పేకనూ విడివిడిగా కట్లు కట్టి, రంగులద్ది, నేసేటప్పుడు గీత గీతకు కలిసేలా చూపు నిలిపి ఇంటిల్లిపాదీ కష్టపడితే ఆ డబుల్ ఇకత్ తయారవుతుంది. మన విద్యార్థి దాన్ని ఏటవాలుగా కత్తిరించి, ఒక గీత ఇంకో గీతకు ఎక్కడా తగలకుండా కుట్టి, 'విచ్ఛిన్న వారసత్వం' అని పేరు పెడతాడు. విచ్ఛిన్నం చేసింది ఎవరని అడిగే అసభ్యులు ఆ సభలో ఉండరు.

అక్కడే, ఆ పల్లెల్లోనే, మరో పని జరిగింది. కట్లు కట్టడానికి ముందు ఆసు పోయాలి. వరసగా గుచ్చిన మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆ పని చేసీ చేసీ భుజం నొప్పితో బాధపడేవారు. చిన్నతనంలోనే బడి మానేసిన ఆ కొడుకు ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో ఆసు యంత్రం తయారు చేసి, దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. భుజం మీద తెలుగునాట జరిగిన అతి ముఖ్యమైన డిజైన్ పని బహుశా అదే. కానీ ఫ్యాషన్ న్యాయనిర్ణేతల ఇబ్బంది కూడా అర్థం చేసుకోవాలి. నొప్పి తగ్గిన భుజం ర్యాంపు మీద ఎలా కనబడుతుంది? మామూలు భుజంలాగే కనబడుతుంది. దానికి మార్కులు ఎలా వేస్తారు?

సుస్థిరత అనే విభాగం కూడా ఒకటి వచ్చింది. సీసా మూతలు, పాత సీడీలు, బిస్కట్ పొట్లాల రేపర్లు కలిపి ఒక గౌను చేస్తారు. వాటిని అతికించడానికి వాడిన జిగురు భూమిలో ఎన్నాళ్లుంటుందో ఎవరూ అడగరు. పాత చీరలన్నీ పొరలుగా పేర్చి బొంత కుట్టిన అమ్మమ్మకు ఈ విభాగంలో ప్రవేశం లేదు. ఆమె బొంతను ఇంటివాళ్లు నిజంగానే కప్పుకుంటున్నారు.

ఈ క్రమశిక్షణను భంగపరిచేవారు అప్పుడప్పుడు పుడుతుంటారు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో చదివిన రాహుల్ మిశ్రా 2006లో లక్మే ఫ్యాషన్ వీక్‌కు కేరళ చేనేత బట్ట పట్టుకుని వచ్చాడు. 2014లో మిలాన్‌లో అంతర్జాతీయ ఊల్‌మార్క్ బహుమతి గెలుచుకున్న తొలి భారతీయుడయ్యాడు. ఊలు మీద మన చేతి ఎంబ్రాయిడరీ చేయించి, ఆ బట్టలను మనుషులు తొడుక్కునేలా కుట్టాడు. అంతటితో ఆగకుండా, పల్లెల్లో ఉండి ఎంబ్రాయిడరీ చేసేవారికి అక్కడే పని దొరకాలని మాట్లాడడం మొదలుపెట్టాడు. ఇలాంటి ఉదాహరణలను తరగతి గదిలో జాగ్రత్తగా చెప్పాలి. పిల్లలు అనుకరిస్తే ర్యాంపు వెలవెలబోతుంది.

పిల్లలను నేను తప్పు పట్టడం లేదు. ఇరవై రెండేళ్లప్పుడు గొడుగులు నడుముకు కట్టుకోకపోతే మరెప్పుడు కట్టుకుంటారు? వాళ్లలో చాలామంది ఆరు నెలలు తిరిగేసరికి ఏదో ఎగుమతుల కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చుని, టీషర్టు కాలరు అర అంగుళం ఉండాలా ముప్పావు అంగుళం ఉండాలా అని తిరుప్పూరు ఫ్యాక్టరీలకు మెయిళ్లు రాస్తుంటారు. అప్పుడు వాళ్లకు గుర్తొచ్చేది కాన్సెప్ట్ నోట్ దిద్దిన అధ్యాపకుడు కాదు, బుకరం గురించి అడిగిన మాస్టరు. బహుమతి పొందిన కలెక్షన్ ఇంట్లో అటక మీదికి చేరుతుంది. భుజాల వెడల్పు వల్ల అటక తలుపు పడదు.

అందుకే నిర్వాహకులకు ఒక చిన్న సూచన పంపాను. నమోదు పత్రంలో ఒక గడి చేర్చండి: కుట్టినవారు, నేసినవారు, మగ్గం వర్క్ చేసినవారు. పేర్లు రాస్తే చాలు, సన్న అక్షరాలైనా ఫరవాలేదు. వారి అభ్యంతరం న్యాయంగానే ఉంది. పేరు వేస్తే ఆహ్వాన పత్రిక పంపాలి, పంపితే మాస్టరు వస్తాడు, వస్తే ముందు వరసలో కుర్చీ వేయాలి. అక్కడ కూర్చుని ఆయన ఇతివృత్తం చూడడు, అంచులు చూస్తాడు. ఏ దుస్తులో చంక దగ్గర బట్ట లాగుతోందో, ఏ కుట్టు రెండో నడకకు ఊడుతుందో పక్కవాళ్లకు వినబడేలా చెప్పేస్తాడు. న్యాయనిర్ణేతలు ఆ మాటలు విన్నారంటే, ఆ ఏడాది బహుమతి ఎవరికీ ఇవ్వలేని పరిస్థితి వస్తుందట.