పూచీ పడేదెవరు?

చెన్నైలో అద్దె ఇల్లు వెతికిన తెలుగువాళ్లకు ఓనరు అడిగే మొదటి నాలుగు ప్రశ్నలు కంఠతా వచ్చు. ఏ ఊరు, ఎక్కడ ఉద్యోగం, ఆధార్ ఉందా, అడ్వాన్సు ఎంత ఇస్తారు. 2017 నాటి రాష్ట్ర అద్దె చట్టం అడ్వాన్సు మూడు నెలలే అంటుంది. ఓనరు లెక్క ఓనరుది.

ఈ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు లేనివాడు శరణార్థి. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు, దేశంలో శరణార్థులకంటూ వేరే చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు చూపిస్తే ఓనరు దాన్ని అటూ ఇటూ తిప్పి వెనక్కి ఇచ్చేస్తాడు. పైగా విదేశీయుడికి గది ఇస్తే ఫారం నింపి అధికారులకు తెలపాలి. ఆ తలనొప్పి ఎందుకని తలుపు వేసుకుంటాడు.

1983 నుంచి వచ్చిన శ్రీలంక తమిళులకు ప్రభుత్వ శిబిరాలున్నాయి. 2021లో స్టాలిన్ ప్రభుత్వం వాటిని పునరావాస శిబిరాలని పిలవడం మొదలుపెట్టి, 7,469 ఇళ్లు కట్టిస్తామంది. భాషా బంధం, రాజకీయ బలం ఉన్నాయి కాబట్టి సాధ్యమైంది. అవి లేని, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు కొందరు చెన్నై శివారు కేళంబాక్కంలో తుపాను షెల్టరులో ఏళ్లుగా ఉంటున్నారు. గాలివాన వెలిసేదాకా రెండు రాత్రులు తలదాచుకోవడానికి కట్టిన భవనం అది.

ఇలాంటి చోట్లకు బియ్యం, దుప్పట్లు, పాత బట్టలు తెచ్చేవాళ్లకు కొదవ లేదు. తప్పుపట్టను, ఆకలి వాయిదా వేసేది కాదు. కానీ ఇల్లు పోయేది బియ్యం లేక కాదు, కాగితం లేక, తరఫున మాట్లాడే మనిషి లేక. 1984లో శ్రీలంక శరణార్థులే చెన్నైలో పెట్టుకున్న ఓఫర్ సంస్థ ఆ సంగతి ముందే పట్టుకుంది. జనన ధ్రువపత్రాల కోసం దానివాళ్లు తిరిగిన తిరుగుడు ఫొటోల్లో పడదు, దాతలకు కనపడదు.

2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. అప్పటినుంచి పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని వీధిలో పనిచేసే చిన్న సంస్థకు పంచకూడదు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. లెక్కల్లో క్రమశిక్షణ కావాలన్నది సరే, దెబ్బ మాత్రం ఎవరింటికి అడ్వాన్సు తక్కువైందో తెలిసిన చిన్నవాళ్ల మీదే పడింది.

నగరంలో నైట్ షెల్టర్లున్నాయి కదా అంటారు. లక్ష జనాభాకు ఒకటి ఉండాలని 2010లో సుప్రీంకోర్టే చెప్పింది. వాటిలో చాలావరకు మగవాళ్లకు వేరు, ఆడవాళ్లకు వేరు. పిల్లలతో వచ్చిన దంపతులు ఎటు పోవాలి?

మనకు ఇది కొత్త కథేం కాదు. 1962 తర్వాత బర్మా నుంచి ఓడల్లో మద్రాసు రేవుకు చేరినవాళ్లలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వ్యాసర్‌పాడిలో కుదురుకున్నారు, బర్మా బజారులో కొట్లు పెట్టారు. వాళ్లు స్వదేశానికి తిరిగొచ్చినవాళ్లన్న ముద్ర ఉండబట్టి అప్పులు, స్థలాలు అందాయి. బీచ్ స్టేషన్ దగ్గర అత్తో, అంటే బర్మా నూడుల్స్ తింటూ ఆ సంగతి ఎవరికి గుర్తొస్తుంది!

నగరంలోని తెలుగు సంఘాలు పండగకు చీరలు పంచే డబ్బులో కొంత తీసి అడ్వాన్సు నిధి పెట్టవచ్చు. కుటుంబం ఇల్లు ఖాళీ చేశాక ఆ సొమ్ము తిరిగొస్తుంది, మరో కుటుంబానికి వెళుతుంది. అంతకన్నా కష్టమైనది అద్దె ఒప్పందంలో సాక్షి సంతకం. "వీళ్లు అద్దె ఎగ్గొడితే నేనెవర్ని అడగాలి?" అంటాడు ఓనరు. అప్పుడు అతని చేతిలో పెట్టడానికి ఒక సంఘం పేరు, ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి.