వేయిపడగలకు మహాలఘు దర్శనం

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’ చెప్పడం అయ్యే పని కాదని కొందరు పెదవి విరుస్తున్నారు. వాళ్లకు తిరుపతి సంగతి తెలియదు. కొండమీద రద్దీ పెరిగితే దర్శనాన్ని లఘువు చేస్తారు, ఇంకా పెరిగితే మహాలఘువు. జయవిజయుల దగ్గర నిలబడీ నిలబడకముందే ‘జరగండి, జరగండి’ అంటారు. స్వామి కనిపించాడా లేదా అన్నది భక్తుడి మనస్సాక్షికే వదిలేస్తారు. మా కాలేజీలు ఇదే పద్ధతిని నవలకు వర్తింపజేశాయి.

మొదటి పీరియడ్‌లో రచయిత పరిచయం. రెండో పీరియడ్‌లోనూ అదే, ఎందుకంటే మొదటిదానికి శ్రీకాళహస్తి బస్సు రాలేదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ, అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’తో బహుమతి పంపకం, పి.వి. నరసింహారావు గారి హిందీ అనువాదం ‘సహస్రఫణ్’. ఇవన్నీ బిట్లు. నవలను ఆయన 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసుకున్నారంటారు. అదీ బిట్టే. ఇందులో అంత గొప్పేముందో నాకైతే అర్థం కాదు. మావాళ్లు రెండు పీరియడ్లలో ముగిస్తున్నారు.

భాష కష్టమనే ఫిర్యాదు ఒకటుంది. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని నూటికి నూరు దరిదాపుల్లో తెచ్చుకున్న పిల్లలు, నవలలో సమాసం కనబడగానే ‘ఇది తెలుగేనా సార్?’ అంటున్నారు. ఆ మార్కులిచ్చిన వాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

నవలలో పాముకు వెయ్యి పడగలు. ఆ పడగలనే ధర్మాలు ఒక్కొక్కటే నశించి చివరికి రెండు మిగులుతాయి. దీని అంతరార్థం మీద విమర్శకులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు గానీ, ఆచరణలో పెట్టింది మాత్రం కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపాయనే. దాదాపు వెయ్యి పేజీలు పోయి రెండు మిగిలాయి. ఒకే కాగితం, రెండువైపులా ప్రింటు. లైబ్రరీలోని ఒక్క కాపీ బీరువాలో భద్రంగా ఉంది, తాళం వేసి. పిల్లల చేతికిస్తే చిరిగిపోదూ?

ఇంత పకడ్బందీ ఏర్పాటులోనూ ఈ ఏడాది ఒక లోపం జరిగింది. పుత్తూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి దసరా సెలవుల్లో వాళ్ల తాత పుస్తకం తీసుకుని మొత్తం చదివేసింది. చదివి ఊరుకుందా? క్లాసులో లేచి, కథానాయకుడి గురించి ‘ఊరంతా అట్ల పాడైపోతా ఉంటే ధర్మారావు చూస్తా ఉండాడే, ఏం సార్?’ అని అడిగింది. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ‘అది మన యూనిట్‌లో లేదు, కూర్చో పాపా’ అన్నారు. కూర్చుంది. కానీ ఇంటర్నల్ పరీక్షలో అదే సంగతి నాలుగు పేజీలు రాసింది. ఉపశీర్షికలు లేవని మార్కులు కోశారు.

ఇప్పుడు ఆ పుస్తకం హాస్టల్లో చేతులు మారుతోందట. డిపార్ట్‌మెంట్ వాళ్లు ఆ అమ్మాయి నాన్నను సోమవారం రమ్మన్నారు.