మీటర్ మీద విమానం

పెద్దమ్మ: ఒక్క మాట అడుగుతా, సుత్తి కొట్టకుండా జవాబు చెప్పు. సతీశ్ నడిపే విమానం సొంతమా, కిరాయిదా?

పెద్దనాయన: కిరాయిదే. కాకపోతే…

పెద్దమ్మ: కాకపోతే గీకపోతే వద్దు. కిరాయి రోజుకా, నెలకా?

పెద్దనాయన: గంటకు. లోపల మీటర్ ఉంటుంది. ఇంజన్ నడిచినంతసేపు అది తిరుగుతుంది. గంటను పది భాగాలు చేసి, 6 నిమిషాలకొక గీత లెక్కన…

పెద్దమ్మ: మీటరా!

చిక్కుడుకాయల చాట పక్కకు జరిగింది. మీటర్ మీద, కిరాయికి, తెల్లారి లేచి తిప్పే బండి ఏదో నల్లగొండలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న కొడుకు ఉద్యోగం ఊడిందనీ, సిగ్గుతో దాచి ఎవరో ఓనర్ దగ్గర విమానం తీసుకుని తిప్పుకుంటున్నాడనీ పెద్దమ్మ అప్పటికప్పుడు తేల్చేసింది. నేను చేగోడీలు తింటూ ఊరుకున్నాను. ఆ ఇంట్లో మధ్యలో మాట్లాడినవాళ్లు బాగుపడిన దాఖలా లేదు.

పెద్దనాయన: ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. సరదాకు నడుపుతున్నాడే. లైసెన్స్ వచ్చింది. ప్రైవేట్ పైలట్ లైసెన్స్.

పెద్దమ్మ: ప్రైవేటే కదా. గవర్నమెంటుది రాలేదు కదా.

పెద్దనాయన: ప్రైవేట్ అంటే సొంతానికి నడుపుకోవాలని. ప్యాసింజర్ల దగ్గర పైసలు తీసుకుని నడపొద్దు. దానికి కమర్షియల్ లైసెన్స్ వేరే ఉంటుంది.

పెద్దమ్మ: అంటే తెల్ల ప్లేట్ మీద కిరాయి కొడుతున్నాడా! ఆర్టీవో పట్టుకుంటే బండి లోపలేస్తారయ్యా. పోయి పోయి నీ కొడుకు దొంగ టాక్సీ తిప్పుతున్నాడా?

పెద్దనాయన: నా కొడుకు టాక్సీ తిప్పట్లేదు!

పెద్దమ్మ: మంచి మార్కులు వచ్చినప్పుడు కూడా నీ కొడుకే. గుర్తుపెట్టుకో.

పెద్దనాయన ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి. ఏ విషయమైనా బస్టాండు నుంచి మొదలుపెట్టి చెప్పనిదే ఆయనకు తృప్తి ఉండదు. కొడుకు ఫోన్లో చెప్పినదంతా పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాడు. కళ్లజోడు కోసం వెతికాడు. అది నెత్తి మీదే ఉందని పెద్దమ్మకు తెలుసు. కాసేపు వెతకనిచ్చి, ఆ తర్వాత చెప్పింది.

పెద్దనాయన: విను. విమానం ఎక్కడి నుంచి తీసుకోవాలని వాడు మూడు ఎయిర్‌పోర్టులు చూశాడు. మొదటిది అడిసన్. డాలస్‌కు ఆనుకునే ఉంటుంది. రన్‌వే ఒక్కటే, 7,000 అడుగులు దాటి ఉంటుంది. షావుకార్ల జెట్లన్నీ అక్కడే దిగుతాయి.

పెద్దమ్మ: అయితే గిరాకీ మంచిగుంటుంది.

పెద్దనాయన: గిరాకీ కాదే, లైను! ఆ జెట్ల వెనకాల వీడు వరుసలో ఆగాలి. ఆగినంతసేపు ఇంజన్ నడుస్తుంది, మీటర్ తిరుగుతుంది. పైగా దగ్గర్లోనే డాలస్ పెద్ద ఎయిర్‌పోర్టు. పెద్ద విమానాల కోసం ఆకాశంలో హద్దులు గీసి పెట్టారు. పర్మిషన్ లేకుండా అందులోకి పోకూడదు.

పెద్దమ్మ: ఒక స్టాండు బండి ఇంకో స్టాండులో సవారీ ఎత్తొద్దు. అంతేగా? అది ఇక్కడా ఉంది. సీరియల్‌లో పెద్ద బండ్లు ముందుంటే చిన్నోడికి ఏం మిగులుతుంది? అది వద్దు. రెండోది చెప్పు.

పెద్దనాయన: మెకిన్నీ. రన్‌వే 7,000 అడుగులే. జెట్లు ఉంటాయి గానీ, నేర్చుకునే వాళ్ల చిన్న విమానాలూ ఉంటాయి. టవర్ ఉంది. ఎవరు ముందు లేవాలో, ఎవరు ముందు దిగాలో టవర్ వాళ్లే చెప్తారు.

పెద్దమ్మ: టవర్ ఉంటే సరిపోయిందా? మన గడియారం సెంటర్‌లో టవర్ లేదా? దాని చుట్టూ ఎవడన్నా చెప్పినట్టు పోతున్నాడా?

పెద్దనాయన: అది గడియారం టవరే తల్లీ!

పెద్దమ్మ: అదన్నా టైం చెప్తుంది. మూడోది?

పెద్దనాయన: ఏరో కంట్రీ. వాడి ఇంటికి ఇదే దగ్గర. రన్‌వే 4,300 అడుగుల పైన. చిన్న విమానానికి అది మస్తు ఎక్కువ. టవర్ లేదు.

పెద్దమ్మ: టవర్ లేకుంటే ఒకదానికొకటి గుద్దుకోవా?

పెద్దనాయన: పైలట్లే రేడియోలో చెప్పుకుంటారు. నేను ఫలానా చోట ఉన్నా, ఎడమకు తిరుగుతున్నా, దిగడానికి వస్తున్నా అని.

పెద్దమ్మ: చుట్టుపక్కల ఎవరూ లేకుంటే?

పెద్దనాయన: లేకున్నా చెప్పాలి.

పెద్దమ్మ: అచ్చం నీ లెక్కనే. ఎవరూ వినకున్నా చెప్పుకుంటూ పోవడం.

పెద్దనాయన కాగితం తిప్పాడు. తప్పుకుంటాడనుకున్నాను. తప్పుకోలేదు. నేరుగా పెట్రోలు దగ్గరికి పోయాడు.

పెద్దనాయన: కిరాయిలోనే పెట్రోలు కలిసి ఉంటుంది. విడిగా పోయించుకోనక్కర్లేదు. మన బండ్ల పెట్రోలు కాదు, విమానాలకు వేరే. నీలం రంగులో ఉంటుంది. పొద్దున్నే ట్యాంకు కింద చిన్న గ్లాసులో పట్టి, నీళ్లు కలిశాయేమో చూస్తాడట.

పెద్దమ్మ: నీలం రంగా? రేషన్ కిరోసినా!

పెద్దనాయన: ఏ గ్రేడో చూడగానే తెలియాలని రంగు కలుపుతారే!

పెద్దమ్మ: రేషన్ కిరోసిన్‌కూ అందుకే కలిపారు, దొంగతనంగా బండ్లలో పోస్తే దొరకాలని. అయ్యో బిడ్డా! తెల్ల ప్లేటు, నీలం కిరోసిన్. ఏ పొద్దున లేచావో.

పెద్దనాయన: పొద్దున్నే లేవడం మంచికే. ఎండ ముదిరితే గాలి పలచబడుతుంది. ఇంజన్ బలం తగ్గుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది, రన్‌వే ఎక్కువ కావాలి. టెక్సాస్ ఎండలు మన ఎండల్లాంటివే. అందుకే చల్లపూట పోతాడు.

పెద్దమ్మ: పొద్దుటి రైలు గిరాకీ కోసం మన సందు ఆటోలు కూడా ఆ టైంకే పోతాయి. టీ తాగి పోతున్నాడో లేదో.

ఈ చివరి మాట మెల్లగా అన్నది. పెద్దనాయన వినలేదో, విననట్టు చేశాడో. కాగితంలో తర్వాతి వరుస విమానాలది.

పెద్దనాయన: సెస్నా 152 అని ఒకటుంది. రెండే సీట్లు, కిరాయి తక్కువ.

పెద్దమ్మ: ఒక్క సవారీకి ఏం గిట్టుబాటు?

పెద్దనాయన: పైపర్ అని ఇంకొకటి. నాలుగు సీట్లు, రెక్కలు కింద ఉంటాయి. తలుపు ఒక్కటే, అదీ కుడివైపు. రెక్క మీదికెక్కి లోపలికి దూరాలి. నడిపేవాడు ముందు దూరి ఎడమ సీట్లోకి జరగాలి.

పెద్దమ్మ: చీర కట్టుకుని రెక్క మీద నడవాలా? అడ్డమైన బండి. ఇంకొకటి?

పెద్దనాయన: సెస్నా 172. వాడికి నచ్చింది ఇదే. నాలుగు సీట్లు, ఇటొక తలుపు, అటొక తలుపు, రెక్కలు నెత్తి మీద. 1956 నుంచి చేస్తున్నారు. 44,000 దాటి చేశారు. ప్రపంచంలో ఇన్ని చేసిన విమానం ఇంకోటి లేదు.

పెద్దమ్మ: ఇది బాగుంది. ఎండకు సవారీలు రెక్క కింద నిలబడొచ్చు. కొత్తదేనా?

పెద్దనాయన: 1978ది.

పెద్దమ్మ: 1978! అప్పటికి నీకు మీసాలు కూడా రాలేదు.

పెద్దనాయన: ఏడాదికోసారి పూర్తిగా విప్పి చూస్తారు. నేర్పడానికి కూడా వాడే విమానమైతే ప్రతి 100 గంటలకు మళ్లీ చూడాలి. వాడికిచ్చే ముందు కూడా స్కూలు ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని, ఎగరేయించి దింపించి, సరేనన్నాకే తాళం చేతికిచ్చారు.

పెద్దమ్మ: ఓనర్ నమ్మలేదన్నమాట. రాత్రి బండి ఇంటి దగ్గర పెట్టుకోనిస్తారా?

పెద్దనాయన: వేరే ఊరికి పోయి రాత్రి ఉంచుకోవచ్చు. కాకపోతే చాలా చోట్ల రోజుకు ఇన్ని గంటలని పెడతారు. నడపకున్నా అంత కట్టాలి.

పెద్దమ్మ: నైట్ హాల్టు చార్జీ.

పెద్దనాయన: … అవును. అట్లాంటిదే.

అక్కడ పెద్దనాయన పప్పులో కాలేశాడు. "అట్లాంటిదే" అన్న మాట పెద్దమ్మకు కోర్టు తీర్పు కాగితమంత బలం.

పెద్దమ్మ: ఒప్పుకున్నావు. అయితే నా మాట విను. నార్కట్‌పల్లి ప్లాటు అమ్ముదాం. సొంత బండి కొనిద్దాం. ఓనర్‌కు పోసే కిరాయి వాడికే మిగులుతుంది.

పెద్దనాయన: సొంతది కొంటే పెట్టే చోటుకు కిరాయి, ఇన్సూరెన్స్, ఏడాది తనిఖీ అన్నీ నెత్తిన పడతాయి. నెలకో రెండు మూడు గంటలు తిప్పేవాడికి కిరాయే నయం.

పెద్దమ్మ: నెలకు మూడు గంటలేనా! అందుకే సంపాదన లేదు. ఎదురింటి టీచరమ్మ తమ్ముడు ఆటో యూనియన్‌లో ఉన్నాడు. అమెరికాలో మనవాళ్ల యూనియన్ ఉందేమో కనుక్కోమని పొద్దున చెప్పా.

పెద్దనాయన: ఎవరికి? ఏం చెప్పావు?

పెద్దమ్మ: ఉన్నదే చెప్పా. కష్టంలో ఉన్నాడు, దారి చూపమని.

పెద్దనాయన: పరువు తీశావు కదే! అయినా అక్కడ విమాన ఓనర్లకూ పైలట్లకూ కలిపి పెద్ద సంఘమే ఉంది, 1939 నుంచి.

పెద్దమ్మ: చూశావా. యూనియన్ ఉందని నీ నోటితోనే అన్నావు.

పెద్దనాయన: ఇదిగో, చివరిసారి చెప్తున్నా. వాడికి ప్యాసింజర్లు లేరు. 90 రోజుల్లో 3 సార్లు ఎగరేసి దింపి ఉంటే తప్ప ప్యాసింజర్లను ఎక్కించుకోవడానికే లేదు.

పెద్దమ్మ: ఎగరేస్తే ఎక్కించుకోవచ్చు కదా?

పెద్దనాయన: ఎక్కించుకోవచ్చు. పైసలు తీసుకోవద్దు. అందరూ కలిసి పోతే పెట్రోలు, విమానం కిరాయి పంచుకోవచ్చు. అంతే. తన వంతు మాత్రం వాడు పెట్టుకోవాల్సిందే. నలుగురుంటే నాలుగో వంతు.

పెద్దమ్మ లేచి నిలబడింది.

పెద్దమ్మ: షేర్ ఆటో!

చేగోడీ నా గొంతుకు అడ్డం పడింది. పెద్దనాయన నీళ్ల చెంబు నాకిచ్చి, ఇక వాదించడానికేమీ మిగలనట్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. అంతలోనే ఫోన్ మోగింది. వీడియోలో సతీశ్ అన్న. వెనకాల తెల్ల విమానం, నెత్తి మీద రెక్క. నిన్న బరువులు అడిగాడట, అవి కావాలంటున్నాడు. ఎండాకాలంలో వీళ్లు వస్తే కోడలితో కలిపి నలుగురూ ఒక రౌండు పోవాలని వాడి ప్లాను. సీట్లు నాలుగున్నా ట్యాంకులు నిండా పోస్తే నలుగురు పెద్దవాళ్లు, సామాను మోయలేదట. పెట్రోలు తగ్గించి పోసుకోవాలి. ఎవరు ముందో, ఎవరు వెనకో కూడా లెక్కే.

పెద్దనాయన: నాది 70 కిలోలు రాసుకో.

పెద్దమ్మ: ఎప్పటి 70? పెళ్లిచూపుల నాటిదా? 84 బిడ్డా, మొన్ననే డాక్టర్ దగ్గర చూశాం. అబద్ధపు బరువుతో విమానం ఎక్కుతాడట.

పెద్దనాయన: పిల్లవాడి ముందు…

పెద్దమ్మ: బరువున్నవాళ్లను ఎక్కడ కూర్చోబెడతావు బిడ్డా? ముందా? అయితే మీ నాయనను ముందు కూర్చోబెట్టు. శ్రీశైలం ఘాట్‌లో వెనక సీట్లో కూర్చుంటేనే ఆయనకు కడుపులో తిప్పింది. కిటికీ పక్కన కూర్చుంటే బాగుంటాడు. నేను నిమ్మకాయ తెస్తాలే. టీ తాగి పోతున్నావా లేదా నువ్వు?

అన్న ఏదో చెప్పి నవ్వాడు. తాగే పోతున్నాడట. మెకిన్నీ ఖాయం చేశాడట, టవర్ ఉన్నదే మేలని. పెద్దమ్మ నా వైపు చూసి "నేనే చెప్పా" అన్నది. ఎప్పుడు చెప్పిందో నాకైతే తెలియదు.

పెద్దమ్మ: ఇంకో మాట బిడ్డా. ఖర్చు పంచుకుందాం. ఊరికే ఎక్కించుకుంటే నీకేం మిగులుతుంది? మీ నాయన వంతు మీ నాయన పింఛన్‌లోంచి ఇస్తాడు.

పెద్దనాయన: కన్న కొడుకు దగ్గర చార్జీ ఏందే!

పెద్దమ్మ: చార్జీ కాదు, వంతు. రూలు చెప్పింది నువ్వే.

పెద్దనాయన: సరే. నాలుగో వంతు నాది. మరి నీ నాలుగో వంతు?

పెద్దమ్మ: నాకేంది? ఆధార్ కార్డు తెచ్చుకుంటా. ఆడవాళ్లకు జీరో టికెట్.