గట్టు పక్క చేను

భీమవరం చుట్టుపక్కల దాళ్వా (రెండో పంట వరి) కోతకొచ్చే రోజుల్లో వరి చేల మధ్యలో రొయ్యల చెరువు ఒకటి ఎదురవుతుంది. ఎత్తైన గట్టు, నీళ్లు చిమ్ముతూ ఏరియేటర్లు. ఆ గట్టును ఆనుకున్న వరి మాత్రం నాలుగు బారల మేర ఆకు కొసలు మాడి, కంకి తాలుపోయి ఉంటుంది. చెరువు నుంచి దిగిన ఉప్పు ఊట అది. ఆ చేను రైతు రెండు పంటలు చూస్తాడు, మూడోసారి తన చేనూ చెరువు చేయడానికి పొక్లెయిన్‌ను పిలుస్తాడు. కాగితాల మీద అది ఆయన తనంతట తాను పెట్టుకున్న దరఖాస్తే!

రొయ్యకు మేము వ్యతిరేకం కాదు. గిట్టుబాటు లేక 2011లో కోనసీమ రైతులు వరి వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించిన సంగతి మరిచిపోలేదు. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక చెరువు లీజు ముందు వరి కౌలు వెలవెలబోయింది. భూమి ఉన్నవాడికి అది లాభమే. బతుకుతెరువు పోయింది కౌలు రైతుకు, నాట్లకూ కోతలకూ వెళ్లే ఆడకూలీలకు.

చట్టాలకు కొదవ లేదు. తీరంలో రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. కొల్లేరు సరస్సును ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు) వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. గట్లు మళ్లీ లేచాయి. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటికి తెచ్చే వరదకు సముద్రం దారి చూపేది ఒక్క ఉప్పుటేరే అయినా ఎవరికీ పట్టలేదు.

చెరువులో ధర పడిపోతే ఒక పంట ఆపుకోవచ్చు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్య రైతుల గుండె గుభేల్‌మంది. కానీ బోరు నీళ్లతో ఉప్పెక్కిన ఆ నేలలో మర్నాడే వరి నాటలేరు కదా. కాటన్ ఆనకట్ట కట్టి గోదావరి నీళ్లు పారించిన డెల్టాలో, కాలువ ఒడ్డునే ఉన్న ఊళ్లు 20 లీటర్ల క్యాన్ కొనుక్కుని తాగుతున్నాయి.

చెరువుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఒక్క సర్వే నెంబరును చూస్తే సరిపోదు. ఒక మురుగు డ్రెయిన్ కింద ఎన్ని ఎకరాలు ఇప్పటికే చెరువులయ్యాయో గ్రామ సచివాలయం గోడ మీద రాయాలి. ఆ డ్రెయిన్ ఇంకెన్ని ఎకరాల చెరువులను మోయగలదో తేల్చాకే కొత్త దరఖాస్తు ముట్టుకోవాలి. ఏటా దాళ్వా నాట్లకు ముందు పక్క చేల మట్టిలో ఉప్పు ఎంతో పరీక్షించాలి. ఊటతో పంట పోతే నష్టం లీజుదారే కట్టాలన్న షరతు లీజు కాగితంలోనే ఉండాలి.