నచ్చిన జట్టా? ఎంత మాట!

ఉత్తర అమెరికాలో ఒక ప్రమాదకరమైన ప్రశ్న అప్పుడప్పుడూ తల ఎత్తుతూ ఉంటుంది. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా పంచుకునే తంతులో, ఎంపికైన ఐస్ హాకీ కుర్రాడు తను ఏ జట్టుకు ఆడాలో తనే నిర్ణయించుకోకూడదా అని. పద్దెనిమిదేళ్ల పిల్లాడు! ఓటు వేస్తాడు, ప్రభుత్వాన్ని ఎన్నుకుంటాడు, కావాలంటే సైన్యంలో చేరతాడు. బాగానే ఉంది. అంతటితో ఊరుకోకుండా ఉద్యోగం చేసే ఊరు కూడా తనే చూసుకుంటానంటే లోకం ఏమైపోవాలి?

ముందుగా ఒక మనవి. ఇది మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు. మంచు మీద స్కేట్లు కట్టుకుని, ముందు పళ్ల మీద ఆశ వదులుకుని ఆడేది. దీనికి ఎన్‌హెచ్‌ఎల్ అని ఒక లీగ్ ఉంది. అమెరికా, కెనడాల్లో కలిపి 32 జట్లు. ఏటా వేసవిలో డ్రాఫ్ట్ పెట్టి, ఏడు రౌండ్లలో 224 మంది కుర్రాళ్లను పంచుకుంటారు. ఎంత ఘోరంగా ఓడితే వరుసలో అంత ముందు చోటు. చివరి స్థానం కోసం మరీ బాహాటంగా పోటీలు పడుతుంటే చూడలేక 1995 నుంచి మొదటి ఎంపిక ఎవరిదో తేల్చడానికి మధ్యలో ఒక లాటరీ కూడా పెట్టారు.

మన ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) మొదటి ర్యాంకు వచ్చినవాడు వెబ్ ఆప్షన్లు పెట్టుకుని నచ్చిన కాలేజీలో చేరిపోతాడు. ఇందులో ఉన్న ఘోరమైన అన్యాయం ఇన్నేళ్లూ మనకు తట్టనే లేదు. ఎన్‌హెచ్‌ఎల్ వాళ్లకు తట్టింది. వాళ్ల పద్ధతిలో అయితే లెక్చరర్లు లేని, ల్యాబు తాళంచెవి పోయిన, నిరుడు ఒక్కడూ పాసవని కాలేజీ వచ్చి మొదటి ర్యాంకువాణ్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. కాలేజీ టోపీ పెట్టి ఫోటో తీస్తారు. వాడు నవ్వాలి.

డ్రాఫ్ట్ రాకముందు పరిస్థితి ఇంకా మొరటుగా ఉండేది. మీసాలు కూడా రాని పిల్లల చేత సి-ఫారం అనే కాగితం మీద సంతకం పెట్టించుకుని జట్లు హక్కులు రాయించుకునేవి. ఆ తర్వాత పెద్ద స్టార్ అయిన బాబీ ఆర్‌ను బోస్టన్ బ్రూయిన్స్ జట్టు పద్నాలుగేళ్లకే అలా కట్టేసుకుంది. బదులుగా వాళ్లింటి గోడలకు కొత్త పూత వేయించింది. 1963లో డ్రాఫ్ట్ మొదలయ్యాక కుర్రాళ్లు ఎలాగూ వస్తారు కాబట్టి ఆ పూత ఖర్చు కూడా మిగిలింది. సంస్కరణ అంటే ఇదీ.

అంతా సజావుగా సాగుతుండగా ఎరిక్ లిండ్రోస్ పుట్టాడు.

1991 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక క్విబెక్ నార్డీక్స్‌ది. అంతకు ముందు రెండేళ్లు కూడా వాళ్లదే. వరుసగా మూడేళ్లు లీగ్ మొత్తం మీద మొదటి ఎంపిక సంపాదించడం మామూలు జట్టుకు సాధ్యమయ్యే పని కాదు, ఎంతో దీక్షగా ఓడాలి. ఆ దీక్షకు ఫలంగా తరానికొక్కడు అనిపించుకున్న లిండ్రోస్ దొరికాడు. వేదిక మీద జెర్సీ చేతికిచ్చారు. పట్టుకున్నాడు గానీ వేసుకోలేదు. క్విబెక్‌కు ఆడనంటే ఆడనని ఏడాదంతా భీష్మించుకు కూర్చున్నాడు. ఆ ఏడాదిలో ఖాళీగా ఉన్నాడా అంటే అదీ లేదు, కెనడా తరఫున 1992 ఒలింపిక్స్‌కు వెళ్లి రజతం తెచ్చుకున్నాడు. అబ్బాయికి ఆ ఊరి ఫ్రెంచి భాష గిట్టదన్నారు, చిన్న ఊరు చాల్లేదన్నారు.  భాష వల్ల కాదు, జట్టు యజమాని వల్లేనని ఆ తర్వాత తనే చెప్పాడు. చూశారా, యజమాని ఎలాంటివాడో ముందే ఆరా తీసే దురలవాటు!

చివరికి క్విబెక్ అతన్ని అమ్మకానికి పెట్టింది. ఎంత ఉత్సాహంగా పెట్టిందంటే ఒకేసారి ఫిలడెల్ఫియాకూ న్యూయార్క్ రేంజర్స్‌కూ అమ్మేసింది. ఎవరి సరుకో తేల్చడానికి మధ్యవర్తిని పెట్టుకోవాల్సి వచ్చింది. ఫిలడెల్ఫియా గెలిచింది. బదులుగా పీటర్ ఫోర్స్‌బర్గ్‌తో సహా ఆరుగురు ఆటగాళ్లు, రెండు మొదటి రౌండు ఎంపికలు, కోటిన్నర డాలర్లు క్విబెక్‌కు దక్కాయి. లిండ్రోస్ కొత్త జట్టుతో క్విబెక్ వచ్చినప్పుడు జనం పాలపీకలు విసిరారు. 

ఈ కథలో నీతి చెప్పబోయి పెద్దలు కాస్త ఇబ్బంది పడుతుంటారు. మొండికేసిన పిల్లాడి పుణ్యమా అని క్విబెక్ జట్టు బలపడి 1996లో లీగ్ విజేతకు దక్కే స్టాన్లీ కప్ గెలిచింది. కాకపోతే అప్పటికి ఏడాది ముందే యజమాని జట్టును డెన్వర్‌కు అమ్మేసుకున్నాడు. అంటే ఊరు వదిలి వెళ్లే హక్కు జట్టుకు ఉంది, కుర్రాడికి లేదు. ఇందులో తికమక ఏముంది?

ఫిలడెల్ఫియా అభిమానులు మాత్రం లిండ్రోస్‌ను నెత్తిన పెట్టుకున్నారు. తనకు నచ్చిన చోట ఆడాలనుకోవడం మనిషి జన్మహక్కు అని అప్పట్లో వాళ్లకు బాగా తెలుసు. ముప్పై ఏళ్లు గడిచాయి. 2022లో ఫిలడెల్ఫియా మొదటి రౌండులో ఎంచుకున్న కట్టర్ గోతియే ఆ జట్టుతో సంతకం చేయనన్నాడు. 2024 జనవరిలో అతన్ని అనాహైమ్‌కు పంపేశారు. మరుసటేడు ఆ కుర్రాడు ఫిలడెల్ఫియాలో మంచు మీదికి దిగి పక్ (ఈ ఆటలో బంతి బదులు వాడే బిళ్ల) ముట్టుకున్నప్పుడల్లా స్టేడియం కప్పు లేచిపోయేలా గేలి చేశారు. మన దగ్గరకు పారిపోయి వస్తే ఆత్మగౌరవం, మన దగ్గర్నుంచి పారిపోతే ద్రోహం. ఇంత స్పష్టమైన సిద్ధాంతం రాజకీయాల్లో కూడా దొరకదు. సరే, రాజకీయాల్లో దొరుకుతుంది.

వ్యవస్థకు అసలు ముప్పు ఇలాంటి తిరుగుబాటుదారులతో కాదు, చదువుకునేవాళ్లతో. డ్రాఫ్టయ్యాక కాలేజీలో చేరి నాలుగేళ్లూ పూర్తిచేస్తే, ఇన్నాళ్లూ నడిచిన నిబంధన ప్రకారం ఆ ఏడు ఆగస్టు 15న కుర్రాడిపై జట్టుకున్న హక్కు పోతుంది. ఆగస్టు 15! తేదీ నేను కల్పించింది కాదు, ఒప్పందంలో ఉన్నదే. జిమ్మీ వీసీ అనే హార్వర్డ్ విద్యార్థి కోసం నాష్‌విల్ నాలుగేళ్లు కాచుకుని కూర్చుంటే, డిగ్రీ చేతపట్టుకుని రానన్నాడు. 2016లో అతని హక్కులను బఫెలో కొనుక్కుంది. అక్కడికీ రాలేదు. ఆగస్టు 15 దాటగానే రేంజర్స్‌లో చేరాడు. ఆడమ్ ఫాక్స్ మరో హార్వర్డ్ బాబు. కాల్గరీ ఎంచుకుంది, కరోలినాకు మారాడు, ఆఖరికి తను పుట్టిపెరిగిన న్యూయార్క్‌కే చేరి 2021లో లీగ్ ఉత్తమ డిఫెన్స్‌మన్‌గా నోరిస్ ట్రోఫీ కొట్టాడు. చదువుకుంటే బాగుపడతారని మన అమ్మానాన్నలు చెప్పే మాటను లీగ్ మొదట్నుంచీ అనుమానంగానే చూడాల్సింది.

బఫెలో పేరు వచ్చింది కనుక ఒక మాట. 2015లో కానర్ మెక్‌డేవిడ్ అనే అద్భుతం డ్రాఫ్ట్‌కు వస్తున్నాడని, ఆ సీజన్లో చివరి స్థానమే దక్కాలని బఫెలో అభిమానులు కోరుకున్నారు. అరిజోనాతో ఆటలో ఓవర్‌టైంలో ప్రత్యర్థి గోల్ కొడితే తమ సొంత రింక్‌లో లేచి చప్పట్లు కొట్టారు. మంచు మీద ఉన్న వాళ్ల ఆటగాళ్లకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించడం సెంటిమెంటు, వదిలేయండి. జట్టు కష్టపడి చివరి స్థానం సాధించింది. లాటరీ మాత్రం ఎడ్మంటన్‌కు తగిలింది. ఎడ్మంటన్ అప్పటికే 2010, 2011, 2012ల్లో వరుసగా మొదటి ఎంపికలు అనుభవించి, అయినా ప్లేఆఫ్స్ ముఖం చూడని జట్టు. మందు పనిచేయకపోతే మోతాదు పెంచాలన్నది లీగ్ వైద్యం. మెక్‌డేవిడ్ పేరు పక్కన ఎడ్మంటన్ అని తేలిన క్షణాన అతని ముఖం టీవీలో చూసినవాళ్లు చాలా రకాలుగా వ్యాఖ్యానించారు. నాకు అందులో కృతజ్ఞత కనిపించింది.

అసలు ఎదురు చెప్పని ఆదర్శ ఆటగాడు ఒకడుండేవాడు. 1974లో ఫోన్ల మీద సాగిన డ్రాఫ్ట్ ఎంతకీ తెమలకపోయేసరికి బఫెలో జనరల్ మేనేజర్ పంచ్ ఇమ్లాక్ విసిగిపోయి, 183వ ఎంపికగా టోక్యో జట్టు ఆటగాడు టారో సుజిమోటోను ప్రకటించాడు. లీగ్ రాసుకుంది. తర్వాత తేలిందేమిటంటే అలాంటి మనిషే లేడు. జీతం అడగలేదు, యజమాని గురించి వాకబు చేయలేదు, హార్వర్డ్‌కు వెళ్లలేదు.

స్వేచ్ఛ ఇస్తే అందరూ న్యూయార్క్‌కో, రాష్ట్ర ఆదాయపన్ను లేని ఫ్లోరిడాకో పోతారు, చలికి విన్నిపెగ్ ఎవరు వెళ్తారు అన్నది పెద్దల భయం. జట్టుకు 23 మందే కదా, జీతాల మొత్తానికి పరిమితి ఉంది కదా, ఫ్లోరిడాలో మూడో గోలీగా (గోల్‌కీపర్‌గా) బెంచీ మీద కూర్చునే కుర్రాడు విన్నిపెగ్‌లో మొదటి గోలీగా ఆడతానంటాడు కదా అని కొందరు లెక్కలు తీస్తారు. విశ్వాసం లేనివాళ్లతో వాదన అనవసరం. పైగా కుర్రాళ్లు ఎంచుకోవడం మొదలుపెడితే జట్లు తమను తాము బాగుచేసుకోవాల్సి వస్తుంది. ఆ శ్రమ ఎవరు పడతారు?

అయితే ఇంత గొప్ప సూత్రాన్ని పద్దెనిమిదేళ్లవాళ్ల దగ్గరే ఆపేయడం నాకు నచ్చలేదు. మేనేజర్లకూ వర్తించాలి. ఫ్లోరిడాకు 2024, 2025ల్లో వరుసగా కప్పులు తెచ్చిపెట్టిన జనరల్ మేనేజర్ బిల్ జీటోను తీసుకోండి. మర్నాడే చివరి స్థానం జట్టు ఆయన్ని ఎంచుకుంటుంది. జీతం ముందే రాసిపెట్టి ఉంటుంది, మూడేళ్లు కదలకూడదు. వేదిక మీద కమిషనర్ గ్యారీ బెట్‌మన్ పేరు చదువుతాడు, జనం అలవాటు ప్రకారం బెట్‌మన్‌ను గేలి చేస్తారు, జీటో టోపీ పెట్టుకుని నవ్వుతాడు. ఇష్టం లేదంటే బలవంతమేమీ లేదు. వెళ్లి నాలుగేళ్లు హార్వర్డ్‌లో చదువుకోవచ్చు.